పడ్డాక ఫాయిల్ ఎక్కడుంటుంది? లీష్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఫాయిల్ బోర్డు (అడుగున ఒక స్తంభం, దాని చివర రెక్కలు ఉండి, వేగం రాగానే నీటి మీదికి లేచే బోర్డు) కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం రాస్తూ లీష్, అంటే మనల్ని బోర్డుకి కట్టి ఉంచే తాడు, గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టాను. "ఎగిరే బోర్డుకి కాయిల్ లీష్ నయం, అదే పెట్టుకోండి" అని. (కాయిల్ అంటే స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉండే తాడు.) అంత తేలిగ్గా తేల్చేయాల్సిన విషయం కాదది, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే ఉన్నాయి. అందుకే ఈసారి పేజీలన్నీ లీష్‌కే ఇచ్చేస్తున్నాను.

ముందే ఒక మాట. మామూలు సర్ఫింగ్‌లో లీష్‌కి ఉన్న పని బోర్డు మన నుంచి పోకుండా చూడటం. ఫాయిల్ దగ్గరికి వచ్చేసరికి ఆ పని అలాగే ఉంటూ ఇంకో పెద్ద పని వచ్చి పడుతుంది: మనం నీళ్ళలో పడిన తర్వాత మొదటి మూడు నాలుగు సెకన్లు ఆ రెక్కలు మన ఒంటికి ఎంత దూరంలో, ఏ వైపు తిరిగి ఉంటాయో తేల్చేది చాలావరకు ఆ తాడే. పొడవు, మందం, కాలికా నడుముకా, బోర్డు మీద ఏ చోట, అన్నీ ఈ ఒక్క లెక్క నుంచే చూస్తే సగం గందరగోళం పోతుంది.

ప్రశ్న: వింగ్ ఫాయిల్ (చేత్తో పట్టుకునే గాలి రెక్కతో నడిపేది) మొదలుపెట్టి రెండు నెలలైంది సార్. నా దగ్గర పాత సర్ఫ్ లీష్ ఉంది, 8 అడుగులది, 7 మిల్లీమీటర్ల మందం, తిన్నటి తాడు. చీలమండకి కట్టుకుంటున్నాను. బోర్డు పైకి లేచి వెళ్తున్నప్పుడు తాడు వెనకాల నీళ్ళలో ఈడ్చుకుంటూ వస్తోంది, ఒక్కోసారి ఎవరో కాలు పట్టుకుని లాగినట్టు ఉంటోంది. దీన్నే కోసి పొట్టి చేసుకోవచ్చా, లేక కాయిల్ కొనాల్సిందేనా?

జవాబు: కొయ్యకండి. ఆ తాడు పాలీయూరిథేన్, దాని రెండు చివర్లూ అచ్చులో పోసి అతికించినవి. మధ్యలో కోసి మళ్ళీ ముడేసి కలిపితే పట్టు ఆ ముడి దగ్గరే తెగిపోతుంది, అదీ ఒడ్డు దగ్గర తెగదు, గాలి గట్టిగా ఉన్న రోజున దూరంలో తెగుతుంది. పొట్టి చేద్దామని మధ్యలో ఊరికే ముడి వేసినా అంతే, మెలిక దగ్గర తాడు లోపల నలుగుతుంది. చిన్న గాటు పడిందంటే అక్కడి నుంచి చీలిక పాకుతుంది.

లాగుతున్నట్టు ఎందుకుంటుందంటే, మీరు ఎగురుతున్నప్పుడు బోర్డు అడుగు నీటి మీద అరమీటరు ఎత్తులో ఉందనుకుందాం. చీలమండ నుంచి బోర్డు తోక మీది ప్లగ్ (లీష్ కట్టే గుంట) దాకా దూరం చూస్తే మహా అయితే రెండు మూడు అడుగులు. చేతిలో ఉన్న తాడు 8 అడుగులు. మిగిలిన ఐదడుగులు ఎక్కడికి పోవాలి? నీళ్ళలోకే. పైగా పాలీయూరిథేన్ సముద్రపు నీటి కన్నా కొంచెం బరువు, అందుకని తేలదు, మునిగి వేలాడుతుంది. వేగంగా వెళ్తున్నప్పుడు అది లాగుతుంది, తుంపర్లు లేపుతుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు ఇంకా చెడ్డది, కిందికి జారి మాస్ట్ (బోర్డు అడుగున ఉండే స్తంభం) చుట్టూ, లేదంటే స్టెబిలైజర్ (వెనక ఉండే చిన్న రెక్క) చుట్టూ మెలిక పడుతుంది. అది చూసుకోకుండా లేచి పంప్ చేశారంటే (కాళ్ళతో బోర్డుని తొక్కుతూ పైకి లేపబోతే) ఫాయిల్ లేవదు, ఎందుకు లేవట్లేదో అర్థం కాదు, గాలిని తిట్టుకుంటూ కూర్చుంటాం.

చదునైన నీళ్ళలో, మోస్తరు అలల్లో వింగ్ ఆడేవాళ్ళకి కాయిల్ సరైనది. సాగదీస్తే 5 లేదా 6 అడుగులు వచ్చేది, 6 నుంచి 7 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. మామూలుగా ఉన్నప్పుడు అది ముడుచుకుని డెక్ (బోర్డు పైభాగం) మీదే ఉండిపోతుంది, నీటిని తాకదు. బరువు 85 కిలోలు దాటినవాళ్ళు, పెద్ద బోర్డు వాడేవాళ్ళు 7 కంటే సన్నంది వద్దు.

కాయిల్ వచ్చేలోగా నీళ్ళలోకి దిగకుండా ఉండలేను అంటారా (నాకు తెలుసు, ఉండలేరు), అప్పటిదాకా ఒక ఉపాయం. తాడు మధ్య భాగాన్ని మూడు మడతలు వేసి, ఆ మడతల్ని పల్చటి నూలు దారంతో రెండు చోట్ల వదులుగా కట్టండి. గట్టిగా లాగితే దారం తెగి పూర్తి పొడవు వచ్చేయాలి, అది ముఖ్యం. ప్లాస్టిక్ జిప్ టై, టేపు మాత్రం వాడొద్దు, అవి తెగవు, అంచులు తాడుని కోస్తాయి. ఒక్కసారి గట్టిగా పడితే దారం పోతుంది, మళ్ళీ ఒడ్డుకొచ్చి కట్టుకోవాలి. తాత్కాలికం కాబట్టి ఫరవాలేదు.

ప్రశ్న: చీలమండ, పిక్క, నడుము, మూడింట్లో ఏది? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు, టెన్షన్ వస్తోంది.

జవాబు: టెన్షన్ అక్కర్లేదు అక్కా, మీరు ఎక్కడ ఆడుతున్నారు అన్నదాన్ని బట్టి జవాబు దానంతటదే వస్తుంది.

అలల మీద పడుకుని చేతులతో తెడ్డేసి లేచే ప్రోన్ ఫాయిల్ అయితే పిక్కకి, మోకాలి కిందగా. చీలమండకి కడితే తాడు కిందికి వేలాడి, బోర్డు మీద కూర్చుని అల కోసం చూస్తున్నప్పుడే మాస్ట్‌కి చుట్టుకుంటుంది, లేచేటప్పుడు కాలి వేళ్ళ మధ్యకి కూడా వస్తుంది. పిక్క దగ్గర ఉంటే ఆ రెండు బాధలూ చాలా తగ్గుతాయి. కఫ్ (కాలికి చుట్టే పట్టీ) వేసుకునేటప్పుడు స్వివెల్ (తాడు మెలిపడకుండా తిరిగే కీలు) కాలికి బయటి వైపు, కొంచెం వెనక్కి ఉండేలా చూసుకోండి.

వింగ్‌కీ, డౌన్‌విండ్‌కీ (గాలి వీచే వైపే అలల మీద దూరం సాగే ఆట) నడుము. తాడు నీటికి దూరంగా ఉంటుంది, పాదాలు మార్చుకునేటప్పుడు అడ్డం రాదు. కానీ నడుముకి కట్టుకునే బెల్టుకి ఒక్క లాగుతో ఊడే క్విక్ రిలీజ్ ఉండి తీరాలి, ఇది నా ఇష్టాయిష్టాల విషయం కాదు. మామూలు బెల్టుకి మామూలు కారబైనర్ (స్ప్రింగు గేటు ఉన్న కొక్కెం) తగిలించుకుని వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. బరువు పడ్డప్పుడు కారబైనర్ గేటు తెరుచుకోదు.

ఇక పారే నీరు, అంటే నది, కాలువ, పోటుపాట్లకి జోరుగా కదిలే ముఖద్వారాలు. అక్కడ చీలమండ లీష్, పిక్క లీష్ రెండూ వద్దు. తాడు ఏ కొమ్మకో గుంజకో తగులుకుంటే ప్రవాహం మనిషిని ఒకవైపు, బోర్డుని మరోవైపు లాగి పట్టేస్తుంది, అప్పుడు నడుం వంచి కాలి దాకా చెయ్యి చాపడం ఎంత బలం ఉన్నవాడికైనా సాధ్యం కాదు. నడుము మీది రిలీజ్ మాత్రమే చేతికి అందుతుంది.

బెల్టు కొన్న రోజునే గట్టు మీద కళ్ళు మూసుకుని కుడి చేత్తో పదిసార్లు, ఎడమ చేత్తో పదిసార్లు ఊడదీసి చూడండి. తర్వాత లోతు లేని నీళ్ళలో ఒకరిని తాడు గట్టిగా లాగి పట్టుకోమని, ఆ బిగువు మీద ఊడదీయండి. కొన్ని రిలీజ్‌లు వదులుగా ఉన్నప్పుడు చక్కగా ఊడి, బరువు పడ్డాక మొరాయిస్తాయి. ఇసుక చేరినా అంతే.

బెల్టు మీద తాడు ఎక్కడ ఉండాలంటే వెనక. దిశ మార్చుకున్న ప్రతిసారీ తాడు ఈ పక్కనుంచి ఆ పక్కకి రావాలి కదా, దానికి ఒక చిన్న మార్పు చాలా బాగా పనిచేస్తుంది: బెల్టు వెనక భాగంలో రెండు తుంటి ఎముకల మీదుగా ఒక జానెడు పొడవు 5 మిల్లీమీటర్ల తాడు అడ్డంగా కట్టి, దాని మీద జారే స్టీల్ రింగ్ ఒకటి వేసి, లీష్‌ని ఆ రింగ్‌కి తగిలించడం. మనం తిరిగితే రింగ్ దానంతటది జారుతుంది, బెల్టు మెలిపడదు. ఇంత చేసినా బెల్టు మీది రిలీజ్ చెయ్యి అందే చోటే, ముందు వైపే ఉండాలి సుమా.

ప్రశ్న: నేను ప్రోన్ ఫాయిల్ చేస్తాను. లీష్ కట్టుకుంటే పడ్డాక బోర్డు సాగి వెనక్కి నా మీదికే వస్తోంది. కట్టుకోకపోతే ఒడ్డు దాకా ఈత. మా గుంపులో బాగా ఆడే ఇద్దరు అసలు లీష్ వాడరు. నేనూ మానేయనా? మానకపోతే ఏ పొడవు?

జవాబు: మీ ప్రశ్న కోసం కొంచెం పాత కథ చెప్పాలి. సర్ఫ్ లీష్ 1970ల మొదట్లో పుట్టింది. వెట్‌సూట్ల పేరు చెప్పగానే గుర్తొచ్చే జాక్ ఓనీల్ కొడుకు పాట్ ఓనీల్, ఆసుపత్రుల్లో వాడే సాగే రబ్బరు గొట్టంతో దాన్ని తయారుచేశాడు. జాక్ ఓనీల్ ఆ తొలినాటి సాగే లీష్ కట్టుకుని సర్ఫ్ చేస్తున్నప్పుడు బోర్డు రబ్బరు బిగువుకి ఎగిరి వెనక్కొచ్చి ఎడమ కంటికి తగిలింది. ఆ కన్ను పోయింది. ఆయన ఫొటోల్లో కనిపించే నల్లటి కంటి పట్టీ అందుకే. ఫాయిల్ లేని బోర్డు చేసిన పని అది. ఇప్పుడు మన బోర్డు కింద 80 సెంటీమీటర్ల మాస్ట్, దాని చివర రెండు కార్బన్ రెక్కలు ఉన్నాయి.

అంటే సాగుడే అసలు శత్రువు. సన్నటి తాడు ఎక్కువ సాగుతుంది, సాగినంతా తిరిగి ఇచ్చేస్తుంది. ఒక మంచి పాలీయూరిథేన్ తాడు గట్టిగా లాగితే రెట్టింపు పొడవు దాకా సాగగలదు. అందుకే అలల్లో సన్నటి 5 మిల్లీమీటర్ల లీష్ నేను ఎవరికీ చెప్పను, అది పోటీల్లో చిన్న అలల కోసం చేసినది. 7 మిల్లీమీటర్ల తిన్నటి తాడు, పొడవు 7 అడుగులు అటూ ఇటూ, పిక్కకి. బోర్డు నాలుగున్నర అడుగులే కదా, తాడూ అంతే చాలదా అంటారేమో. చాలదు. బోర్డు పొడవుకి సమానంగా లీష్ ఉండాలన్న సర్ఫింగ్ సూత్రం ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఇక్కడ మనం దూరం పెట్టాల్సింది బోర్డుని కాదు, కింద వేలాడే రెక్కల్ని. అలల్లో కాయిల్ కూడా నాకు నచ్చదు. ఎగిరేటప్పుడు హాయిగానే ఉంటుంది, కానీ అల బోర్డుని లాగి వదిలినప్పుడు చుట్టలన్నీ ఒక్కసారి ముడుచుకుని బోర్డుని మన దగ్గరికి తెచ్చి పెడతాయి. పోయిన సంచికలో ఈ తేడా రాయకపోవడం నా తప్పే.

ఇంకోటి, దీన్ని చాలామంది ఆలోచించరు. లీష్ ప్లగ్ బోర్డు తోక దగ్గర ఉంటుంది. తాడు లాగితే బోర్డు తోక ముందుగా మన వైపు వస్తుంది. తోక ముందుగా వస్తే మనకి మొదట ఎదురయ్యేది స్టెబిలైజర్, అదీ దాని వెనక అంచు, అంటే రెక్కలో అన్నింటికంటే పల్చగా, కత్తిలా ఉండే వైపు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నడుమెత్తు అలలో, తేలిగ్గా పడి, పైకి తేలి, బోర్డు వైపు చూడకుండానే అలవాటుగా తాడు పట్టుకుని చకచకా లాక్కున్నాను. తోక ముందుగా వచ్చింది, మోకాలి వెనక ఏడు కుట్లు పడ్డాయి. పడినప్పుడు కాదు, లాక్కున్నప్పుడు. ఆ రోజు నుంచి తాడుని నెమ్మదిగా, బోర్డుని చూస్తూ, బోర్డుకి ఒక పక్కకి జరిగి లాగుతాను, అది రెండు చేతుల దూరానికి రాగానే ఆపి, నేనే పక్కనుంచి ఈది వెళ్ళి రెయిల్ (బోర్డు పక్క అంచు) పట్టుకుంటాను.

రెక్కల వెనక అంచు మరీ కత్తిలా ఉంటే 400 నంబరు నీటి గరుకు కాగితాన్ని తడిపి, ఆ పదును ఒక్కటి పోయేలా రెండు మూడు సార్లు తేలిగ్గా రుద్దండి. వేలు కోసుకోకుండా ఉంటే చాలు. ఎక్కువ రుద్ది ఆకారం మారిస్తే ఫాయిల్ వేగంలో ఈల వేసినట్టు మోగడం మొదలవుతుంది, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. మీ తాడు బతకడానికి కూడా ఇది మంచిది, లీష్‌లు తెగేది ఎక్కువగా ఆ అంచుకి రాసుకునే.

ఇక మానేయడం గురించి. చుట్టుపక్కల ఎవ్వరూ లేని చోట, ఒడ్డు దాకా ఈదగలిగే దూరంలో, బాగా అనుభవం ఉన్నవాళ్ళు లీష్ లేకుండా వెళ్ళడానికి వాళ్ళ కారణం వాళ్ళకుంది, నేను తప్పు పట్టను. పక్కన మనుషులున్నారా, అప్పుడు కట్టుకుని తీరాలి, ఎందుకంటే అల మీద దొర్లుతూ ఒడ్డుకి పోయే ఫాయిల్ ఎవరి మీదికి పోతుందో మన చేతిలో ఉండదు. అలాగని కట్టుకుంటే అందరూ క్షేమం అనుకోకండి. లెక్క చూడండి: తాడు రెండు మీటర్లు, బోర్డు ఒకటిన్నర, మన కాలు ఒక మీటరు, తాడు సాగుడు ఇంకో మీటరున్నర. మన చుట్టూ ఆరు మీటర్ల దాకా ఆ రెక్క చేరగలదు. ఆ ఆరు మీటర్లలో ఇంకొకరు ఉంటే అల పట్టకండి. అసలు ఫాయిల్‌తో జనం మధ్యకి వెళ్ళకపోవడమే పద్ధతి.

ప్రశ్న: పైన చెప్పిన తోక సమస్య నాకూ వచ్చింది. (ఈ ఉత్తరం వింగ్ ఆడే ఇంకొకరిది, విషయం ఒకటే కాబట్టి ఇక్కడ చేర్చాను.) ప్లగ్‌ని బోర్డు మధ్యకో ముక్కు దగ్గరకో మార్చుకోవచ్చా?

జవాబు: వింగ్‌లో, నడుముకి కట్టుకునేవాళ్ళు మార్చుకోవచ్చు. ముక్కు దగ్గరో, హ్యాండిల్‌కి కొంచెం ముందో కడితే లాగినప్పుడు బోర్డు ముక్కు ముందుగా వస్తుంది, రెక్కల మొద్దు అంచు మన వైపుంటుంది, ఫాయిల్ దూరంగా ఉంటుంది. నష్టం ఏమిటంటే తాడు పాదాల దగ్గర నుంచి పోతుంది. అందుకే ఇది కాయిల్‌తోనే, నడుముతోనే కుదురుతుంది. ప్రోన్‌లో మాత్రం కుదరదు, పడుకునే చోట తాడు ఉంటుంది.

బోర్డుకి అక్కడ ప్లగ్ లేకపోతే కొత్తగా రంధ్రం చేయకండి, నీరు లోపలికి పోతే బోర్డు పోయినట్టే. ముందు వైపు ఫుట్‌స్ట్రాప్ స్క్రూ రంధ్రం ఉంటే, 25 మిల్లీమీటర్ల నైలాన్ పట్టీ చిన్న ముక్కని లూప్‌లా మడిచి, పెద్ద వాషర్ వేసి ఆ స్క్రూతో బిగించండి. స్క్రూ పొడవు పాతదానికి పట్టీ మందం కలిపినంతే ఉండాలి, ఎక్కువైతే అడుగు తన్ని లోపలి గూడుని పగలగొడుతుంది. మాస్ట్‌కీ, మాస్ట్ పీఠం బోల్టులకీ మాత్రం ఎన్నడూ కట్టొద్దు. తాడుని మనమే తీసుకెళ్ళి రెక్కల మధ్య పెట్టినట్టవుతుంది.

ప్రశ్న: లీష్ నేనే చేసుకోవాలని ఉంది. వింగ్‌కి వచ్చే చేతి లీష్ లాంటిదే, పట్టీ లోపల సాగే తాడు ఉన్నది, బోర్డుకి కూడా చేసుకోవచ్చు కదా?

జవాబు: చదునైన నీళ్ళలో వింగ్‌కి అయితే చేసుకోవచ్చు తమ్ముడూ, నేను రెండేళ్ళు అదే వాడాను. అలల్లోకి వద్దు, ఎందుకో చివర్లో చెబుతాను.

25 మిల్లీమీటర్ల గొట్టం పట్టీ, అంటే లోపల బోలుగా ఉండే నైలాన్ లేక పాలిస్టర్ పట్టీ, రెండు మీటర్ల నలభై తీసుకోండి. కోసిన చివర్లు వెంటనే వేడి కత్తితో కాల్చి మూసేయండి, లేకపోతే పోగులు విడిపోతాయి. లోపలికి 5 మిల్లీమీటర్ల షాక్ కార్డ్ (సాగే తాడు), సాగదీయకుండా కొలిస్తే మీటరు ఇరవై. ఒక పొడవాటి తీగ చివర కొక్కెంలా వంచి దానితో లాగితే లోపలికి వెళ్ళిపోతుంది. షాక్ కార్డ్ ఒక చివర పట్టీ చివరకి కుట్టేసి, రెండో చివర బయటకి లాగి పట్టుకుని, పట్టీని దాని మీద ముడతలుగా తోసుకుంటూ వచ్చి ఆ చివరా కుట్టండి. వదిలేస్తే మొత్తం సగానికి ముడుచుకుంటుంది, లాగితే పట్టీ పూర్తి పొడవు దగ్గర ఆగుతుంది.

అసలు బలం కుట్టులో ఉంది. ప్రతి చివరా పట్టీని స్టెయిన్‌లెస్ స్వివెల్ కన్ను గుండా పోనిచ్చి ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు మడవండి, మందమైన పాలిస్టర్ దారంతో చతురస్రం, దాని లోపల అడ్డగీతలు, మూడు నాలుగు సార్లు. నూలు దారం వద్దు, ఉప్పు నీళ్ళలో కుళ్ళిపోతుంది. సాగే తాడు తెగినా పట్టీ నిలవాలి, అంటే బరువు పట్టీ కుట్టు మీదే పడాలి తప్ప షాక్ కార్డ్ కుట్టు మీద కాదు. స్వివెల్ రెండు చివరలా పెట్టండి, ఒక్కటే పెడితే రెండు రోజుల్లో పట్టీ పురితాడులా మెలి తిరుగుతుంది. రిలీజ్ ఎప్పుడూ మనిషి వైపు చివరన. బోర్డు వైపు పెడితే ఊడదీశాక ఆ రెండున్నర మీటర్ల తాడు మన నడుముకే వేలాడుతుంది, ఏ కొమ్మకో తగులుకుందంటే మొదటికే వచ్చినట్టు.

పూర్తి చేశాక ఒక చివర గట్టి స్తంభానికి తగిలించి మీ బరువంతా వేసి వెనక్కి వాలండి, అయిదారు సార్లు. కుట్టు ఒక్క పోగు కదిలినా విప్పి మళ్ళీ కుట్టాల్సిందే.

అలల్లో ఎందుకు వద్దంటే, పాలీయూరిథేన్ చివరి దాకా సాగుతూ ఆగుతుంది, ఇది మాత్రం పూర్తి పొడవు రాగానే ఠక్కున ఆగిపోతుంది. ఆ కుదుపంతా ప్లగ్ మీదా మీ నడుము మీదా పడుతుంది. అల బలానికి ప్లగ్ ఊడి వచ్చేయొచ్చు. తడిసిన పట్టీ బరువెక్కుతుంది, ఇసుక పట్టి ఉంచుతుంది, ఆరడానికి రోజు పడుతుంది, అవన్నీ చిన్న బాధలే.

ప్రశ్న: లీష్‌ని ప్లగ్‌కి కట్టే చిన్న తాడు మాటిమాటికీ తెగుతోంది. డైనీమా (చాలా గట్టి కృత్రిమ పోగు తాడు) వేసేస్తే సరిపోతుందా?

జవాబు: తెగడం ఆగుతుంది, కానీ మీ ప్లగ్‌లో అడ్డంగా ఉండే పిన్నుని, బోర్డు అంచుని అది కోసేయగలదు. సన్నగా, గట్టిగా, జారుగా ఉంటుంది కదా. 4 మిల్లీమీటర్ల అల్లిక పాలిస్టర్ తాడు రెండు వరసలు చాలు. అసలు చూడాల్సింది లూప్ పొడవు: లీష్ చివర ఉండే వెడల్పు పట్టీ, అదే రెయిల్ సేవర్, బోర్డు అంచు మీద పడాలి, ఈ సన్న తాడు అంచు దాకా రాకూడదు. ఫాయిల్ బోర్డుల్లో తోక ఇరుకు కాబట్టి లూప్ ఒక్క అంగుళం పొడవైనా తాడు అంచుకి వచ్చేస్తుంది. మీది మాటిమాటికీ తెగుతోందంటే కారణం అదే అయ్యుంటుంది, చూడండి.

ప్రశ్న: కైట్ ఫాయిల్‌కి ఏ లీష్ మంచిది?

జవాబు: ఏదీ వద్దు. కైట్ (పెద్ద గాలిపటం) మిమ్మల్ని ముందుకి లాగుతుంటుంది, బోర్డు వెనక నీళ్ళలో చిక్కుకుంటుంది, మధ్యలో తాడు సాగి ఒక్కసారి వదులుతుంది. ఫాయిల్ తిన్నగా తల వెనక్కి వస్తుంది. బాడీ డ్రాగ్ చేసి (బోర్డు లేకుండా, కైట్ లాగుతుంటే ఒంటితోనే నీళ్ళలో సాగి) గాలికి ఎదురుగా బోర్డు దగ్గరికి చేరడం నేర్చుకోండి, అది రాకుండా కైట్ ఫాయిల్ ఎక్కకండి.

ప్రశ్న: మాస్ట్‌కి చిన్న మోటారు తగిలించుకున్నాను, లేవడానికి సాయం కోసం. కాయిల్ లీష్ ఉంది. ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుందా?

జవాబు: చుట్టుకుంటుంది. నడుము నుంచి, ముందు వైపు కట్టు, పొట్టి కాయిల్. ఇంటి దగ్గర బోర్డుని తలకిందులు చేసి, తాడుని పూర్తిగా సాగదీసి ప్రొపెల్లర్ దాకా అందుతుందేమో చూడండి. అందితే అది మీకు సరిపడే లీష్ కాదు. నీళ్ళలో పడగానే మోటారు ఆగిపోయే ఏర్పాటు లేకపోతే లీష్ సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి.

ప్రశ్న: డౌన్‌విండ్ మొదలుపెడుతున్నాను, ఒడ్డుకి దూరంగా గంటసేపు. లీష్ ఎప్పుడు మార్చాలి, ఏం చూసి మార్చాలి?

జవాబు: మిగతా ఆటల్లో లీష్ తెగితే ఈత, డౌన్‌విండ్‌లో లీష్ తెగితే ప్రాణం మీదికి వస్తుంది. గాలి బోర్డుని తోసుకుపోయే వేగానికి మంచి ఈతగాడు కూడా అందుకోలేడు. కాబట్టి దిగే ముందు ప్రతిసారీ, ఒక్కసారి కూడా మానకుండా, ఇవి చూడండి.

తాడుని వేళ్ళ మధ్య వంచుతూ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోండి, వంచితేనే గాట్లు నోరు తెరిచి కనిపిస్తాయి. గాటు ఎంత చిన్నదైనా ఆ తాడు డౌన్‌విండ్‌కి పనికిరాదు, ఒడ్డు దగ్గర ఆటకి వాడుకోండి. స్వివెల్ దగ్గర తాడు లోపలికి దిగే చోట మరీ జాగ్రత్తగా చూడాలి, ఎక్కువ తెగేది అక్కడే. స్వివెల్ వేలితో తిప్పితే హాయిగా తిరగాలి, ఉప్పు పట్టి బిగుసుకుంటే తాడు మెలిపడుతుంది. వెల్క్రో అంటించి రెండు చేతులతో లాగి చూడండి, ఇసుక, దారపు పోగులు చేరిన వెల్క్రో పొడిగా ఉన్నప్పుడు పట్టుకుని తడిస్తే వదిలేస్తుంది, పాత టూత్ బ్రష్‌తో దువ్వితే చాలావరకు బాగవుతుంది.

తాడు పసుపు రంగుకి తిరిగి, తాకితే జిగటగా ఉందంటే ఎండకి పోయినట్టు. ఆటైన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి నీడలో వేలాడదీయండి. మూసిన కారు వేడిలో వదిలేస్తే కాయిల్ చుట్టలు వదులైపోతాయి. అలా వదులైన దాన్ని ఒక కర్రకి బిగువుగా చుట్టి, రెండు చివరలూ కట్టేసి, బాగా వేడి నీళ్ళలో (మరుగుతున్నవి కాదు) కొన్ని నిమిషాలు ఉంచి, కర్ర మీదే ఉండగా చన్నీళ్ళలో ముంచితే మళ్ళీ కొంత ముడుచుకుంటుంది. తాడు అప్పటికే పాడై ఉంటే ఇది దాన్ని కొత్తది చేయదు. గాట్లు లేకపోయినా, తరచుగా ఆడేవాళ్ళయితే ఏడాదికొకసారి మార్చేయండి.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్ళు, 36 కిలోలు. నా పాత వింగ్, చిన్న ఫాయిల్ ఇచ్చి నేర్పిస్తున్నాను. నా కాయిల్ లీష్, 7 మిల్లీమీటర్లది, తనకి ఇవ్వచ్చా? నా పిక్క కఫ్ తన తొడకి సరిపోతోంది.

జవాబు: ఇవ్వకండి. మీ బరువుకి సాగే తాడు ఆ పిల్ల బరువుకి సాగదు, ప్రతి పడటానికీ కాలు పట్టి లాగినట్టవుతుంది, పైగా తొడకి కట్టిన కఫ్ జారి మోకాలి మీదికి వస్తుంది. 6 మిల్లీమీటర్ల పొట్టి కాయిల్, పిల్లల కొలతలో పిక్క కఫ్, లేదంటే తన నడుముకి సరిపడా బెల్టు. బెల్టయితే రిలీజ్ తన చేతి బలంతో ఊడుతుందో లేదో తననే లాగి చూపించమనండి, మీరు లాగి చూడటం కాదు. తలకి హెల్మెట్, ఒంటికి గుద్దులు తట్టుకునే వెస్ట్, కాళ్ళకి మోకాలి దాకా నియోప్రీన్. మొదటి నాలుగైదు రోజులు ఫాయిల్ మాట ఎత్తకుండా నడుము లోతు నీళ్ళలో పక్కకి పడటం, పడగానే రెండు చేతులతో తల కప్పుకుని మూడు లెక్కపెట్టి, చెయ్యి ముందు పైకెత్తి తేలడం, బోర్డు ఎక్కడుందో చూసిన తర్వాతే తాడు ముట్టుకోవడం, ఈ వరస మాత్రమే చేయించండి. అది అలవాటయ్యాక కొత్త కాయిల్‌తో మళ్ళీ ఉత్తరం రాయండి, పొడవు సరిపోయిందో లేదో చూద్దాం.